గ్లాసులో ఐసుగడ్డ

జువేరియాను పెళ్లిచూపులు చూడడానికి మానుకోట నుంచి అజహర్ వచ్చాడు. అక్కడ అతనికి ఫ్రిజ్‌ల దుకాణం ఉంది. డోర్నకల్‌లో రైలు దిగింది మొదలు, చల్లదనం గురించి తనకు తెలియని సంగతి లోకంలో లేదన్నట్టే మాట్లాడాడు. స్టేషన్‌కు ఎదురెళ్లిన జువేరియా తండ్రి జమాల్, ఇల్లు చేరేదాకా మర్యాదకు తలూపుతూనే ఉన్నాడు.

జువేరియా బడిలో సైన్సు చెబుతుంది. ఐసుగడ్డ వేసిన మంచినీళ్ల గ్లాసును సాసరులో తెచ్చి అతని ముందు పెట్టింది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. గడ్డ కొన ఇంకా పైకి తేలి కనిపిస్తోంది.

"గింత నిండుగ ఎవలన్న పోస్తరా?" అన్నాడు అజహర్. "ఐసు కరిగితే నీళ్లు పొర్లుతయి. నా ప్యాంటు ఖరాబైతది."

"పొర్లవు," అంది జువేరియా. "నీళ్లు గడ్డకడితే ఉబ్బుతయి, అందుకే ఐసు తేలుతది. కరిగితే మళ్ల దగ్గరపడ్తది. నీళ్లల్ల మునిగిన ముక్క పట్టిన జాగలనే గడ్డ మొత్తం నీళ్లయి సరిపోతది."

అజహర్ జమాల్ వైపు తిరిగి నవ్వాడు. "ఫ్రిజ్‌లు అమ్మేటోనికి ఐసు పాఠం చెప్తున్నది."

జువేరియాకు ఒళ్లు మండింది. ఆరో తరగతి పిల్లలైనా తప్పు చెప్పేముందు ఒకసారి గ్లాసు వైపు చూస్తారు. ఈయనగారికి ఆపాటి ఓపిక కూడా లేదు. "జరసేపు చూద్దాం," అని ఎదురుగా కూర్చుంది.

కాసేపటికి గ్లాసు బయట చెమ్మ పట్టింది. చుక్కలు జారి సాసరు తడిసింది.

"చూసినవా? పొర్లింది," అన్నాడు అజహర్.

"గది పొర్లింది కాదు, గాలిల ఉన్న తేమ. చల్లటి గ్లాసుకు తాకి నీళ్లయింది. లోపలి నీళ్లు అంచు దాటలే."

అతను వంగి చూశాడు. గడ్డ పలుకంత మిగిలింది. నీళ్లు మొదట ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. అతని ముఖంలో నవ్వు పోయింది. ఇంకొంచెం ఆగితే ఎవరి మాట నిజమో తేలిపోతుందనగా గ్లాసెత్తి సగం గటగటా తాగేశాడు.

"దూపయింది," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "తాగకపోతే పొర్లేదే."

జువేరియా తల్లి మరియం బీ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

అతను వెళ్లాక జమాల్ కూతుర్ని అడిగాడు. "మంచి దుకాణం, మంచి ఖాన్‌దాన్. నీకేంది పరేషాన్, బేటీ?"

"తెలవనోనితోని బతుకొచ్చు, అబ్బా. తన తప్పు బయటపడ్తదని నీళ్లు తాగేటోనితోని ఎట్ల బతుకాలె?"

జమాల్ మర్నాడు మానుకోటకు ఫోన్ చేసి, ఈ సంబంధం కుదరదని చెప్పాడు. అవతల అజహర్, ఆడపిల్లల్ని ఎట్లా పెంచాలో చెప్పడం మొదలుపెట్టాడు. జమాల్ మధ్యలోనే ఫోన్ పెట్టేసి, భార్యను చాయ్ పెట్టమన్నాడు.