ఆగని బొమ్మ

లైటమ్మ కంప్యూటరు పెట్టె పక్క తలుపు తీసి, గోడలకు రంగులేసే సన్నటి కుంచెతో ఫ్యాను రెక్కల సందుల్లో దుమ్ము దులుపుతోంది. ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టగానే ఆవిడ మొదటి పని ఇదే. ఒక వేలితో రెక్కను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కుంచె తిప్పాలని కోడలు ఒక్కసారే చెప్పింది. ఏ పనైనా రెండోసారి చెప్పించుకున్న మనిషి కాదావిడ.

"ఇవాళ ఎలాగూ మొత్తం విప్పుతాం కదా అత్తయ్యా, మళ్ళీ ఈ దులపడం ఎందుకు?" అంది కోడలు వంటింట్లోంచి.

"చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడవమా? కొత్త కార్డు వస్తోంది."

లైటమ్మకు అరవై తొమ్మిదేళ్ళు. పిడికెడు మనిషి. మెడ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చిన వంకర కాదు, ఉద్యోగంతో వచ్చింది. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే స్టూలు మీద, వెలుగుతున్న తెల్ల పలక ఎదురుగా కూర్చుని, బెల్టు మీద కుడి నుంచి ఎడమకు సాగిపోయే కడిగిన సీసాలను చూసింది. పగులుందా, మరకుందా, అడుగున పుల్ల ఇరుక్కుందా? ఉంటే తీసి పక్క డబ్బాలో పడెయ్యాలి. అంతే ఉద్యోగం. కళ్ళు అలిసిపోతాయని ఇరవై నిమిషాలకొకసారి మనిషిని మార్చేవాళ్ళు. మిగతావాళ్ళు దిగి మొహం కడుక్కుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఈవిడ దిగి, వెనకాల నిలబడి, తన బదులు కూర్చున్నవాళ్ళ సీసాలు కూడా చూసేది. ఆ లైటును వదలదని లైటమ్మ అన్నారు. ఆఖరికి సీసాలు చూసే కెమెరా యంత్రం వచ్చింది. ఆవిడ ఇంటికి వచ్చేసింది, పేరు కూడా వెంటే వచ్చింది.

కోడలిది కళ్ళద్దాల దుకాణంలో లెన్సులు అరగదీసే పని. వారంలో ఆరు రోజులు ఎవరెవరి కళ్ళకో గాజు అరగదీసి, ఆదివారం సాయంత్రం మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఆట ఆడుతుంది. ఒక దీవి మీద వందమంది దిగుతారు. ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. ఆడుతున్నది ఆడుతున్నట్టే నెట్లో నలుగురికీ చూపిస్తుంది. మొదట్లో ఆ నలుగురూ నిజంగా నలుగురే.

రెండేళ్ళ కిందట లైటమ్మ కళ్ళకు శుక్లాల ఆపరేషనయింది. కట్టు విప్పిన వారానికి, కోడలు ఆడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ ఆవిడ చెయ్యి ఆపకుండానే అంది: "ఆ రెండో పొద వెనక ఎవడో ఉన్నాడే."

కోడలు కాల్చింది. నిజంగానే ఉన్నాడు. మైకు ఆ మాటను పట్టుకుంది. చూస్తున్న నలుగురూ "ఎవరావిడ?" అని అడిగారు. పై ఆదివారానికి నలుగురు ముప్ఫైమంది అయ్యారు. ఇప్పుడు రెండొందల చిల్లర. వాళ్ళు వచ్చేది కోడలి ఆట కోసం కాదని కోడలికీ తెలుసు. "చచ్చినోడు చూడు, ఎలా నక్కాడో!" అన్న గొంతు కోసం వస్తారు.

చిక్కల్లా కంప్యూటరుతోనే. ఎక్కడో మూతపడ్డ ఆఫీసులో అమ్మేస్తుంటే కొన్న పెట్టె అది. ఆట మంచి రసకందాయంలో పడగానే బొమ్మ ఆగిపోయేది. చూసేవాళ్ళకు లైటమ్మ మాట సగం వినపడి, మిగతా సగం ఆటలో ఆ మనిషి చచ్చాక వినపడేది.

"వంట చేసే మనిషే పరిగెత్తుకెళ్ళి వడ్డించాలంటే ఎలా ఉంటుందో అలా ఉంది దీని పని," అని వివరించింది కోడలు. "ఇటు పొయ్యి మీద మాడుతుంది, అటు బల్ల దగ్గర వాళ్ళు ఎదురుచూస్తారు. వడ్డించడానికి ఇంకో మనిషిని పెట్టాలి. గ్రాఫిక్ కార్డంటే అదే."

వేల మంది చూసే ఆటగాడొకడు ఉన్నాడు, డేగ అని పేరు పెట్టుకున్నాడు. వాడు పోయిన వారం వీళ్ళ ఆట చూసి కబురు పెట్టాడు. "ఆదివారం ఐదింటికి నా ఆట అయిపోగానే మావాళ్ళందర్నీ మీ దగ్గరికి పంపిస్తాను. బామ్మ మాట ముక్కలు కాకుండా చూడండి, చాలు."

అది విన్న దగ్గర్నుంచి లైటమ్మకు అన్నం సయించలేదు. తనను చూడ్డానికి కాదు, తను చూసేది చూడ్డానికి వేల మంది వస్తారట. ఈ మాట ఆవిడ లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

పది గంటలకు అత్తాకోడళ్ళు పాత సామాన్ల కొట్టుకెళ్ళారు. ఇరుకు సందులో మూడో దుకాణం. లోపల నేల నుంచి కప్పుదాకా విప్పేసిన కంప్యూటర్లు. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఇంత లావు కార్డొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పట్టుకెళ్ళండమ్మా. రాకెట్టులా ఎగురుతుంది."

"దీనికి విడిగా పవరు వైరు కావాలి. మా పెట్టెలో ఆ వైరే లేదు," అంది కోడలు. "దీని కోసం పవర్ సప్లై మార్చాలి, అది పట్టడానికి పెట్టె మార్చాలి. మాకు ఎగరక్కర్లేదండీ, ఆగకుండా నడిస్తే చాలు. బోర్డులోంచే కరెంటు తీసుకునే చిన్నది చూపించండి. దాంతోపాటు ఎనిమిది జీబీ ర్యామ్ ఒకటి."

కొట్టాయన మొహం కోడలు అడిగిన కార్డంత చిన్నదయింది. అయినా వెతికి, అరచేతికి కొంచెం పొడుగ్గా ఉన్న కార్డు తెచ్చాడు. కోడలు నంబరు చూసుకుని తల ఊపింది. ఇక సంచీలో వేసుకోబోతుంటే లైటమ్మ చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు ఒకసారి."

ట్యూబులైటు కిందికి వెళ్ళి, కార్డును రెండు అంచుల దగ్గర పట్టుకుని, మెల్లగా కుడి నుంచి ఎడమకు వంచింది. వెలుతురు దాని పచ్చటి వీపు మీదుగా జారింది. మళ్ళీ వంచింది. బోర్డులో దిగే కొస దగ్గర ఆగింది.

"పగులుంది."

"గీత అయ్యుంటుందిలెండమ్మా, వాడిన సరుకు కదా."

"గీత మీద వెలుతురు మెరుస్తుంది నాయనా. పగుల్లోకి దిగిపోతుంది. చూడు, ఇక్కడ దిగిపోయింది."

కొట్టాయన నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు. చాలక భూతద్దం తెచ్చాడు. చాలాసేపు చూశాడు. "నిన్న పెట్టి చూస్తే బొమ్మ వచ్చిందే..." అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

"ఇవాళా వస్తుంది. వేడెక్కితే నోరు తెరుస్తుంది."

ఆయన ఆ కార్డును పక్కన పడేసి, లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి, ముందు లైటమ్మ చేతిలోనే పెట్టాడు. ఆవిడ చూసి సరేనన్నాకే తన కంప్యూటరులో పెట్టి అరగంట నడిపించి చూపించాడు. వెళ్ళేటప్పుడు ఉండబట్టలేక అడిగాడు: "ఎక్కడ పనిచేసేవారమ్మా?"

"సీసాల దగ్గర," అంది లైటమ్మ.

దారి పొడుగునా ఆవిడ నడక పరుగులాగే ఉంది. "మెల్లగా అత్తయ్యా, కార్డెక్కడికీ పోదు" అని కోడలు రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇంటి దగ్గర కొడుకు డ్రిల్లింగ్ మిషను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అతను పైపులు బిగించే మేస్త్రీ. ముందుగదిలో ఉన్న నెట్ పెట్టె నుంచి ఈ గదిలోకి తీగ లాగాలంటే గోడకు బెజ్జం పెట్టాలి. నెట్ గాల్లోంచి వస్తే తలుపు వేసినప్పుడల్లా తడబడుతోందని కోడలి ఫిర్యాదు.

"వారమంతా ఊరివాళ్ళ గోడలు. ఆదివారం మా గోడ," అని గొణిగాడు.

"ఊరివాళ్ళకైతే నవ్వుతూ పెడతావు. పెట్టరా!" అంది తల్లి.

పెట్టాడు. పౌడరులా రాలిన సిమెంటును లైటమ్మే ఎత్తింది. కోడలు పెట్టెను మంచం మీద పడుకోబెట్టి పని మొదలుపెట్టింది. వెంట్రుకవాసి తేడా రాకుండా గాజు అరగదీసే వేళ్ళు అవి. ర్యామ్ ముక్కను గాడిలో నిలబెట్టి రెండు కొసలూ నొక్కింది. టక్కుమని కూర్చుంది. కార్డు దింపింది. ప్రాసెసరు మీద ఎండి బెరడు కట్టిన, వేడిని లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది పెసరగింజంత పెట్టింది. మరలు బిగిస్తుంటే లైటమ్మ ఒక్కొక్కటీ అరచేతిలోంచి అందించింది.

స్విచ్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

గడియారంలో మూడున్నర. ర్యామ్ తీసి పెట్టింది. నల్లగానే ఉంది. కార్డు తీసి పెట్టింది. ఊహూఁ. కొడుకు ఏదో అనబోతే తల్లి కళ్ళతోనే ఆపింది. కోడలు పెట్టె వెనక్కి వంగి చూసి, వంగిన మనిషి వంగినట్టే పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"తెర వైరు పాత చోటే పెట్టాను! కొత్త కార్డుకు పెట్టందే బొమ్మెక్కడొస్తుంది, నా మొహం!"

వైరు మార్చగానే తెర వెలిగింది. లైటమ్మ చప్పట్లు కొట్టింది, చిన్నపిల్లలా, రెండు చేతులూ మొహం దగ్గర పెట్టుకుని.

తరవాత గంటసేపు కోడలు ఏవేవో మార్చింది. నెట్లోకి పంపే పని కార్డుకు అప్పగించింది. సెకనుకు అరవై బొమ్మలు చాలు, అంతకుమించి పరుగులొద్దని ఆటకు కళ్ళెం వేసింది. పరీక్షగా కాసేపు ఆడి చూసింది. తెర అడుగున, దారిలో రాలిపోయిన బొమ్మల లెక్క కనిపిస్తుంది. ఎప్పుడూ వందలు పలికే చోటది.

"ఎంతుంది?" అంది లైటమ్మ.

"సున్నా."

"సరిగ్గా చూడు."

"సున్నా అత్తయ్యా! సున్నా!"

కొడుకు ముందుగదిలోంచి ఫోనులో చూస్తున్నాడు. అందులోంచి లైటమ్మ గొంతు తెగకుండా, మొదలు నుంచి చివరిదాకా వినపడింది. ఆవిడ ఆశ్చర్యపోయింది. "నా గొంతు అంత కీచుగా ఉంటుందట్రా?"

"ఇన్నాళ్ళూ ముక్కలుగా వచ్చి దాచింది," అన్నాడు కొడుకు.

ఐదింటికి డేగ మాట నిలబెట్టుకున్నాడు. రెండొందలున్న చూసేవాళ్ళ అంకె కళ్ళముందే ఏడొందలయింది, పదిహేనొందలయింది, రెండు వేలు దాటింది. లైటమ్మ కుర్చీ ముందుకు లాక్కుని, మెడ ఎడమకు వాల్చి, తెర మీద చూపు నిలిపింది. ఆగని బొమ్మ ఆవిడ ముందు బెల్టులా సాగింది. గడ్డి కదలడంలో గాలికి కదిలేది వేరు, మనిషి కదిపితే కదిలేది వేరు. ఇంతకాలం ఆ తేడా ఆగిపోయిన బొమ్మల మధ్య ఎక్కడో పడిపోయేది. ఇప్పుడు పడిపోవడం లేదు.

"గోడ చివర. మోకాలు కనిపిస్తోంది."

కోడలు కాల్చింది.

"కిటికీలో. కాదు, పైది. ఆఁ."

కాల్చింది.

"ఆ గడ్డి చూడు, మిగతా గడ్డి ఆగాక కూడా ఊగుతోంది. అక్కడున్నాడు దొంగసచ్చినోడు!"

తెర పక్కన మాటలు జలజలా రాలాయి. చూసింది! బామ్మ చూసింది! మళ్ళీ చూసింది! కోడలు చదవలేక వదిలేసింది. వందమందిలో ఇద్దరు మిగిలారు. కోడలు, ఇంకొకడు. దీవి నిశ్శబ్దమైపోయింది. లైటమ్మ చెట్లన్నీ వెతికింది, రాళ్ళన్నీ వెతికింది, కప్పుల మీద వెతికింది. ఎక్కడా లేడు. అంతలో వెనక చెరువులోంచి ఒకడు తల పైకెత్తి టప్పున కాల్చాడు. తెర మీద కోడలు పడిపోయింది.

లైటమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"నీళ్ళల్లో ఉన్నాడే! నేను చూడలేదు! వదిలేశాను!"

ఫ్యాక్టరీలో ఆవిడ వదిలేసిన సీసా ఒక్కటే. భర్త ఆస్పత్రిలో ఉన్న రోజు అది. పగులు సీసా ఒకటి కళ్ళు దాటి వెళ్ళిపోయి, లారీ ఎక్కించేటప్పుడు పేలి, హమాలీ బొటనవేలు తెగింది. తీసి పక్కన పెట్టిన లక్షల సీసాల గురించి ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆ ఒక్కదాని గురించి మాత్రం ఆవిడ రిటైరయ్యే రోజుదాకా చెప్పుకున్నారు. ఇవాళ వదిలేస్తే ఎవరి వేలూ తెగలేదు. రెండు వేల మంది ఆవిడతోపాటు నవ్వుతున్నారు.

"వచ్చే ఆదివారం నీళ్ళు కూడా చూస్తానని చెప్పవే వాళ్ళకి," అంది.

కోడలు చెప్పింది. మైకు ఆపింది. కొడుకు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. లైటమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఎడమ భుజం కొంచెం పట్టేసినట్టుంటే రుద్దుకుని, పొద్దుటి హడావుడి అనుకుంది. గూట్లోంచి కమలాపండు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

"ఏం రాశారో చదువు. మెల్లగా చదువు."

కోడలు తెర వైపు తిరిగి చదివింది. "బామ్మ కళ్ళకు బీమా చేయించండి, అంటున్నారొకరు."

లైటమ్మ కిసుక్కున నవ్వింది. "ఊఁ. ఇంకా?"

"మా అమ్మమ్మ పక్కనే కూర్చుని చూసింది, ఆవిడా వెతకడం మొదలుపెట్టింది, అని ఇంకొకరు."

"ఊఁ."

"ఇదెవరో మీ ఫ్యాక్టరీవాళ్ళ పిల్లలే అత్తయ్యా! మా నాన్న మీతో పనిచేశారు, మీరు పక్కన పెట్టారంటే మళ్ళీ చూడక్కర్లేదనేవారు, అని రాశారు. విన్నారా?"

వంటింట్లో టీ పొంగిన వాసన వచ్చింది. ఇంకో రెండు చదివి, కోడలు నవ్వుతూ వెనక్కి తిరిగింది. అత్తగారి తల ఎడమకే ఒరిగి ఉంది, ఎప్పుడూ ఒరిగినంతకన్నా ఇంకాస్త. కళ్ళు మూసుకుని ఉన్నాయి. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

"అత్తయ్యా," అని ఒకసారి పిలిచింది. దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుని చూసింది. రెండోసారి పిలవలేదు.

ఒళ్ళో సగం ఒలిచిన కమలాపండు ఉంది. తొక్క ఎక్కడా తెగకుండా ఒకటే పొడుగాటి చుట్టలా పండునే అంటిపెట్టుకుని, ఆవిడ మోకాలి మీంచి కిందికి వేలాడుతూ, ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతోంది.