పని చేయించే మాత్ర

"ఆ సీసా నీ దగ్గరే పెట్టుకో డార్లా. ఈ ఇంట్లో జాగ్రత్తంటూ ఉన్నది నీకొక్కదానికే" అన్నాడు భర్త హోబర్ట్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

డార్లా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆ పొద్దున్నే కూతురు షెల్బీకి జ్ఞానదంతాలు తీశారు. పళ్ళ డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రల సీసాని అత్తగారు ఇమజీన్, మందుల షాపు సంచీలోంచి తీసి వంటింటి బల్ల మీద పెట్టింది. డార్లా దాని వంక చూడలేదు. చూడకపోయినా అదెక్కడుందో ఆమె ఒంటికంతటికీ తెలిసిపోయింది. ముక్కు కారుతోంది, చంకల్లో చెమట, కాళ్ళలో ఎముకల లోపల చీమలు పాకుతున్నట్టు ఉంది. మొన్నటి నుంచీ అడిగినవాళ్ళకల్లా ఫ్లూ అనే చెబుతోంది.

ఎప్పుడు మొదలైందో ఆమెకి బాగా గుర్తుంది. వృద్ధాశ్రమంలో ఆమెది ముసలివాళ్ళని లేపి, తుడిచి, కూర్చోబెట్టే పని. ఒకరోజు భారీ మనిషి ఒకాయన స్నానాల గదిలో జారుతుంటే ఒక్కతే పట్టుకుంది. ఆయన పడలేదు, ఈమె నడుం పట్టేసింది. "నొప్పులు అందరికీ ఉంటాయమ్మా, షిఫ్టుకి నాకు మనిషి కావాలి కదా" అంది సూపర్‌వైజర్. ఆశ్రమం వాళ్ళు పంపిన డాక్టరు ఆమె మొహం చూడకుండానే మాత్రలు రాసేశాడు. మొదటి మాత్ర వేసుకున్న రోజు డార్లా ఆశ్రమం నుంచి వచ్చి కూర్చోలేదు. బట్టలుతికింది, బీన్స్ ఉడకేసింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది, ఎప్పటినుంచో వాయిదా వేసిన కిటికీలన్నీ తుడిచింది. నొప్పి పోవడం కాదు అసలు సంగతి. లోపల ఎవరో ఇరవైనాలుగ్గంటలూ పళ్ళు బిగించుకుని ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి నవ్వినట్టు ఉంది. "ఈమధ్య ఇల్లు అద్దంలా ఉంటోందే" అన్నాడు హోబర్ట్. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంటి గురించి అతను మెచ్చుకోలుగా అన్న మాట అదే.

డాక్టరు రాయడం మానేశాక ఆమె హోబర్ట్ నొప్పి మాత్రల సీసా తెరిచింది. గనిలో పైకప్పు కూలి అతని కాలు విరిగింది. అతని నొప్పికి ఇంట్లో ఒక కుర్చీ, ఒక దిండు ఉన్నాయి, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదన్న నియమం ఉంది. చర్చిలో అతని కోసం ప్రార్థన చేస్తారు. ఆమె నొప్పికి ఇంట్లో ఒక మూల కూడా లేదు. ఎప్పుడైనా నడుం పట్టుకుంటే "ఏమైంది, మళ్ళీనా?" అని అత్తగారు అనే మాటొక్కటే ఉంది. ఇప్పుడు, అతను ఎప్పుడో గాని ముట్టని ఆ సీసా కూడా ఖాళీ.

ఆ సాయంత్రం షెల్బీ మేడ మీద గదిలో ఐస్ ముక్కల సంచీ దవడకి ఆనించుకుని పడుకుంది. డార్లా నీళ్ళ గ్లాసుతో మెట్లెక్కింది. ఒక చేతిలో పళ్ళ డాక్టరిచ్చిన మాత్ర, ఇంకో చేతిలో ఇంట్లో ఉండే జ్వరం మాత్ర. రెండూ తెల్లగా, పొడుగ్గా ఉన్నాయి. మెట్ల మీద ఆగింది. దీన్ని మింగి కింద వంట ముగించేద్దాం, రాత్రికి దాని మాత్ర దానికిచ్చేద్దాం అనుకుంది. ఆ అనుకోవడంలోనే అది అబద్ధమని ఆమెకి తెలుసు. మింగేసింది.

షెల్బీ నోరు తెరిస్తే నాలుక మీద జ్వరం మాత్ర పెట్టింది.

"దీంతో తగ్గుతుందా అమ్మా?"

"తగ్గుతుంది. పడుకో."

వంటింట్లోకి వచ్చిన కాసేపటికి కాళ్ళలో చీమలు ఆగిపోయాయి. కోడి ముక్కలు వేయించింది, గ్రేవీ చేసింది, ఆరిన బట్టలు మడత పెట్టింది. "చూశావా, లేచి తిరిగితే ఫ్లూ దానంతటదే పోతుంది" అని సంతోషించింది ఇమజీన్. అన్నం బల్ల దగ్గర, పక్క లోయలో పోలీసులకి దొరికిపోయిన కుర్రదాని కబురు వచ్చింది. "పసిబిడ్డని కారులో పెట్టుకుని మాత్రలకి తిరిగిందట. అలాంటివి తల్లులా?" అంది ఇమజీన్. డార్లా ఆమె కంచంలో ఇంకాస్త గ్రేవీ వడ్డించింది.

మర్నాడు పొద్దున కూడా షెల్బీకి జ్వరం మాత్రే దక్కింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల ఏడుస్తూ కిందికి దిగింది. మొహం ఒక పక్క ఉబ్బిపోయింది, మాట సరిగ్గా రావడం లేదు.

"పని చెయ్యడం లేదు నానమ్మా. అసలేం పని చెయ్యడం లేదు."

"పంటి నొప్పికే ఇంత గోలా? నేను నలుగురిని కన్నాను, కిక్కురుమనలేదు. ఆడపిల్లవి, ఇప్పట్నుంచీ ఓర్చుకోవడం నేర్చుకో. మీ అమ్మని చూడు, ఒక్కరోజైనా మంచం ఎక్కిందా?"

షెల్బీ తల్లి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం లేదు, అనుమానం లేదు. సిగ్గు ఉంది. తనకి వస్తున్నది నిజంగా అంత నొప్పేనా, తనే ఎక్కువ చేస్తోందా అని ఆ పిల్ల తన మీద తనే సందేహపడుతోంది. డార్లాకి ఆ చూపు తెలుసు. దవడ మీద దెబ్బ కొట్టినా అంత తగలదు. తను దొంగిలించింది ఒక మాత్రని కాదు. నాకు నొప్పిగా ఉంది అని చెప్పే ధైర్యాన్ని, కూతురి నోట్లోంచి తనే లాగేస్తోంది. ఇవాళ ఊరుకుంటే ఈ పిల్ల కూడా ఏదో ఒక వృద్ధాశ్రమంలో, ఏదో ఒక వంటింట్లో, ఇలాగే నడుం పట్టుకుని నవ్వుతుంది.

"నీ నొప్పి నిజమే షెల్బీ" అంది డార్లా. "నీకు జ్వరం మాత్ర ఇచ్చాను. నీ మాత్రలు నేను మింగాను. నాకు ఫ్లూ లేదు. అవి లేకపోతే నేను లేవలేను."

హోబర్ట్ టీవీ కట్టేశాడు. ఇమజీన్ చేతిలోని తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నాకు తెలుసు" అంది చివరికి.

"ఏం తెలుసు అత్తయ్యా?"

"వాడి సీసా తగ్గిపోతోందని."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

ఇమజీన్ కిటికీ వైపు తిరిగింది. "ఇంట్లో పని జరిగిపోతోంది కదా" అంది మెల్లగా.

డార్లా సీసా తెచ్చి షెల్బీ చేతిలో పెట్టింది. "ఇందులోంచి ఒకటి ఇప్పుడు వేసుకో. సీసా నీ దగ్గరే దాచుకో."

"ఇంక నిన్ను నమ్మను" అంది షెల్బీ.

"నమ్మకు. నేనడిగినా ఇవ్వకు."

తర్వాత ఆశ్రమంలో తనతో పనిచేసే ట్విలాకి ఫోన్ చేసింది. ట్విలా ఒకప్పుడు ఇవే మాత్రలకి అలవాటుపడి, పక్క ఊళ్ళో ఆ అలవాటు మాన్పించే క్లినిక్‌కి వెళ్ళి, మానుకున్న మనిషి. ఆ సంగతి ఆమె దాచదు కూడా. "కోటు వేసుకుని వరండాలో ఉండు, వస్తున్నా" అంది. ఇంకేమీ అడగలేదు.

హోబర్ట్ కుంటుకుంటూ వరండాలోకి వచ్చాడు. అతని మొహంలో భయం ఉంది. కోపమైతే ఆమెకి సులువుగా ఉండేది.

"క్లినిక్ అంటే ఊరంతా తెలుస్తుంది డార్లా. అక్కడ ఎన్నాళ్ళు తిప్పుతారో. నువ్వు పడుకుంటే ఇక్కడ ఎవరు చూస్తారు? ఇంట్లోనే మెల్లగా మానెయ్యి. మాత్రలు ఎక్కడో ఒకచోట నుంచి నేనే తెస్తాను, రోజుకి ఒకటి నా చేత్తో ఇస్తాను. లేచి తిరిగేదానికి సరిపోయేంత."

అతను ప్రేమగానే అంటున్నాడు. అదే ఆమెకి వణుకు పుట్టించింది. ట్విలా కారు మలుపు తిరిగి వచ్చి ఆగింది.

"అది మానేస్తే ఇంత పని చెయ్యలేను హోబర్ట్" అంది డార్లా. కోటు బొత్తాం పెట్టుకుని, "చెయ్యను కూడా" అంది.

నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా, అందరూ చూస్తుండగా మెట్లు దిగింది.