జగ్గమ్మ పేరు పక్కన

సోమవారం ఆమదాలవలసలో రైలెక్కాలి. మా ఊరి నుంచి తొమ్మిది మంది కాశీ, గయ వెళుతున్నారు. వాళ్లలో మా అక్క, లక్ష్మీనరసమ్మప్ప ఒకతి. ఆమె భర్త ఎర్రన్న పోయి నాలుగేళ్లయింది. గయలో ఆయనకు పిండం పెట్టించాలని ఆమె పట్టు. అరవై దాటిన మనిషి, అంత దూరం ప్రయాణం. ఏమైనా కావచ్చు. అందుకని గురువారం పొద్దున్నే శ్రీకాకుళం బస్సెక్కాం, వీలునామా రాయించడానికి. నాకు సంతకం వచ్చు గనక సాక్షిగా రమ్మంది.

మాతో జగ్గమ్మ కూడా వచ్చింది. ఎర్రన్న రెండో భార్య. అప్పకు పిల్లలు లేరని తెచ్చుకున్నాడు. ఈమెకూ కలగలేదు. ఆడవాళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారు. అయినా అప్ప జగ్గమ్మను ఒక వరస పెట్టి పిలవగా నేను వినలేదు. "మా ఇంట్లో అది" అంటుంది, అంతే.

ఉన్నదల్లా పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం పల్లం, ఉంటున్న ఇల్లు. కాయితం లేకుండా అప్ప కన్నుమూస్తే రెండూ ఎర్రన్న అన్న కొడుకు నూకయ్యకు పోతాయి. నూకయ్య జగ్గమ్మను ఆ గడపలో ఒక్క పూట ఉండనివ్వడు.

రిజిస్ట్రారాఫీసు అరుగు మీద రైటరు జగన్నాధం కాయితాలు సర్దుకుని, "నీ పేరు, మీ ఆయన పేరు సెప్పమ్మా" అన్నాడు. అప్ప మొగుడి పేరు పలకదు. నేను చెప్పాను.

"ఆస్తి ఎవరికి?"

"జగ్గమ్మకి."

"ఏ జగ్గమ్మ? పేరు పక్కన ఏదో ఒకటి రాయాల. తండ్రి పేరైనా సరిపోతాది."

గోడకు ఆనుకుని కూర్చున్న జగ్గమ్మ ఆ మాట అందుకుంది. "మా అయ్య పేరే రాయించప్పా. పోలయ్య. మరో గొడవెందుకు?"

బస్సు కుదుపులకు అప్పకు నడుము పట్టేసినట్టుంది, చేత్తో అదుముకుంటూ కూర్చుంది.

"నీ అయ్య పేరు రాయిస్తే రేపు నూకయ్య ఏటంటాడే? ఇంటి పనికి కుదిరిన మనిషి, ముసల్దాన్ని మాయజేసి రాయించుకున్నాదంటాడు. ఊరు కూడా అదే అంటాది." తర్వాత రైటరు వైపు తిరిగింది. "మా తమ్ముడు ఇందాక సెప్పిన పేరే దీనికీ రాయి బాబూ."

జగన్నాధం కలం ఆపాడు. "మొదటి పెళ్లాం ఉండగా రెండో పెళ్లి సట్టానికి పట్టదమ్మా."

"సట్టాన్ని కాపరానికి రమ్మన్నామేటి? రాయి."

జగన్నాధం నవ్వేశాడు. "నీ ఆస్తి, నీ ఇష్టం" అంటూ రాశాడు. రాసింది చదివి వినిపించాడు. అప్ప వేలిముద్ర వేశాక సాక్షులుగా నేనూ, పక్క బల్ల మీది రైటరూ సంతకాలు పెట్టాం.

లోపలికి పిలిచేసరికి పన్నెండు దాటింది. ఆఫీసరు కుర్రాడు. కాయితం చదివి తలెత్తాడు.

"ఈ జగ్గమ్మ మీకేమవుతుంది?"

నేను నోరు తెరవబోయాను. "మీరు కాదు, ఆవిడ చెప్పాలి" అన్నాడు.

రాయించడం వేరు, నోటితో చెప్పడం వేరు. అప్ప నేల చూపులు చూసింది. వెనక తిరిగి గుమ్మం దగ్గర నిలబడ్డ జగ్గమ్మను చూసింది. జగ్గమ్మ పక్కకు తప్పుకుంది. ఎవరో దస్తావేజు పట్టుకుని మా వెనక నిలబడి విసుక్కుంటున్నాడు.

"మా ఆయన పెళ్లాం" అంది అప్ప.

"మరి మీరు?"

"నానూను."

ఆఫీసరు సిరా పెట్టె ముందుకు జరిపాడు. ఇక్కడ అప్ప ఎడమ బొటనవేలి ముద్ర రెండుసార్లు వేయవలసి వచ్చింది. గీతలు అరిగిపోయాయట, మొదటిసారి సరిగా పడలేదు.

బయటికి వచ్చాక అప్ప మెట్టు మీద కూలబడింది. జగ్గమ్మ పక్కన చేరి కొంగుతో ఆ వేలు తుడవసాగింది. సిరా పోలేదు గాని ఆమె మానలేదు. కళ్ల వెంట నీళ్లు.

"ఎందుకే ఆ ఏడుపు? నాను సచ్చిపోనేదింకా. ఆకలేస్తంది, కూడు మూట ఇప్పు."

చద్దన్నం, ఉల్లిపాయ. ముగ్గురం అక్కడే తిన్నాం. అప్ప నాలుగు ముద్దలు కూడా తినలేదు. "మూడింటి బస్సుకి లేపు" అని జగ్గమ్మతో చెప్పి, గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. జగ్గమ్మ ఆ మిగిలిన అన్నం తనే తినేసి, ఈగలు తోలుతూ కూర్చుంది.