సీటు కింద వైరు జడ

సదానందం ఆ కారు మీద మనసు పడ్డాడు. మనసు పడ్డాక మనిషికి కళ్లెక్కడ పనిచేస్తాయి? నడుము నొప్పితో ఉన్న భార్య రాజకుమారిని బస్సులో కరీంనగర్ దవాఖానకు తిప్పలేక, ఇంట్లో ఒక కారుండాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడు. పైగా తెచ్చింది పరాయివాడా? ఆమె సొంత తమ్ముడు వీరేందర్. గోదావరిఖనిలో పాత బండ్లు అమ్మిపెడుతుంటాడు.

"హైదరాబాద్‌ల బ్యాంకు ఆఫీసర్ కారు బావా. ఇల్లు, బ్యాంకు, గంతే తిరిగింది. పొద్దున్నే ఆయన ఇంటికాడికెల్లి సీదా నడుపుకుంట వచ్చిన," అన్నాడు వీరేందర్, గని క్వార్టర్ ముందు ఆపిన బూడిదరంగు కారును నిమురుతూ.

"కాయితాలేవిరా?"

"వస్తయ్ బావా. ముందుగాల బండి తీస్కో. పేరు నేనే మార్పిస్త, ఫికర్ చెయ్యకు."

సదానందం ఫికర్ చేయలేదు. బామ్మర్ది మాట మీద అంత నమ్మకం మరి! డ్రైవరు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. సీటు వెనక్కి జరపడానికి కింద చెయ్యి పెడితే, విరిగిన పిడికి ఏదో చుట్టి ఉంది. వంగి చూశాడు. ఎరుపూ పసుపూ కలిపి జడలా అల్లిన వైరు. గనిలో, వాళ్ల మాటలో బాయిలో, బొగ్గు పేల్చాక మిగిలే సన్న వైరు అది. గని కార్మికుల ఇళ్లలో బుట్టలు అల్లేది దానితోనే, బట్టల దండెం కట్టేదీ దానితోనే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వస్తువు కాబట్టి సదానందానికి ఏ అనుమానమూ రాలేదు. పైగా మురిసిపోయాడు.

"రాజీ, గిటు చూడు. బాయి వైరుతోని ఎంత మంచిగ కట్టిండ్రో!"

పసుపు, కుంకుమ, నిమ్మకాయలున్న పళ్లెంతో గడపలో నిలబడిన రాజకుమారి మెల్లగా వచ్చి, తొంగి చూసింది.

"హైదరాబాద్ బ్యాంకాయనకు మన బాయి వైరు ఏడికెల్లి వచ్చింది?"

సదానందం ఆ వైరును మళ్లీ వంగి చూశాడు. ఇంత చిన్న మాట తన బుర్రకు ఎందుకు తట్టలేదు?

"మెకానిక్ కట్టిండక్కా, గోదావరిఖనిల," అన్నాడు వీరేందర్.

"పొద్దున్నే హైదరాబాద్‌కెల్లి సీదా వచ్చిన్నంటివి గదరా!"

గని కార్మికుల్లో కారు పోగొట్టుకున్నవాడు వాళ్లకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. సదానందం షిఫ్టులోనే పనిచేసే కొమురెల్లి. నిరుడు కూతురు దీప జ్వరంతో దవాఖానలో ఉంటే, బయట పెట్టిన అతని తెల్ల కారు మాయమైంది. ఆ పేరు మొగుడూపెళ్లాలిద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పైకి అనే ధైర్యం ఆయనకు లేదు, ఆమెకుంది. పళ్లెం కింద పెట్టి, కారు తాళం తీసి కొంగున ముడివేసుకుని, కొమురెల్లికి ఫోన్ చేసింది.

"నాకు పనుంది, నేను పోత," అన్నాడు వీరేందర్.

"కదిలినవంటే కాళ్లు ఇరగ్గొడ్త," అంది అక్క.

కొమురెల్లి మోటారుసైకిలు మీద వచ్చాడు. రంగు చూశాడు, నంబరు చూశాడు, కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సదానందానికి ప్రాణం లేచొచ్చింది. కానీ సీటు కింద చెయ్యి పెట్టగానే కొమురెల్లి ఆ వైరు జడను గుర్తుపట్టాడు.

"మా దీప అల్లింది వదినే. నేను ఉత్తగ చుట్టి వదిలేస్తె, బాగలేదని ఇప్పి మల్ల జడ ఏసింది."

సదానందం కారుకు దూరంగా జరిగాడు. ఈ కారులోనా తను భార్యను ఎక్కించుకుని ఊరంతా తిరగబోయింది? అంతకంటే ఘోరమైన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కారు కోసం బసంత్‌నగర్ సిమెంటు లారీల మధ్య, రామగిరి గుట్టల దాకా కొమురెల్లితో కలిసి తనూ వెతికాడు. పక్కన వీరేందరూ ఉన్నాడు. అలసిపోయిన కొమురెల్లికి చాయ్ తాగించి ధైర్యం చెప్పింది వాడే.

కొమురెల్లి అరవకుండా, తిట్టకుండా వీరేందర్ వైపు తిరిగాడు.

"మరి నాతోని ఎందుకు తిరిగినవ్‌రా తమ్మీ?"

వీరేందర్ నేల చూపులు చూస్తూ గొణిగాడు. "నువ్వు ఎటు దేవులాడుతున్నవో తెల్వాలె గదన్నా."

రాజకుమారి కొంగుముడి విప్పి, తాళం కొమురెల్లి చేతిలో పెట్టింది.

"పోలీసులకు నువ్వే చెప్పు కొమురెల్లీ," అంది. "వీడు నా తమ్ముడని ఆగకు."