విదేశీయులెవరూ లేరు

రేడియో లైసెన్సు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని యోగిత మూడుసార్లు చదివి, వంటింటి గడప మీద కూర్చుంది. పోలీసు విచారణలో ఈ చిరునామాలో విదేశీయులెవరూ లేరని తేలిందట. అందుచేత విదేశీయురాలిగా ఆమె పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించారట. ఆ మాట రాసిచ్చినవారి కాగితం నకలు కూడా జతచేశారు. దాని కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో సంతకం ఉంది. వరహాలమ్మ. సాక్షాత్తూ అత్తగారు.

యోగిత మారిషస్ పిల్ల. ముత్తాతల నాడు చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల వంశం. అక్కడి చక్కెర మిల్లులో యంత్రాలు బిగించడానికి హిందీ రాష్ట్రంలోని ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన తెలుగువాడు సౌరభ్, పనిలో పనిగా పెళ్లి కూడా చేసుకొచ్చాడు. ఆ దగ్గర్లోని బర్మామైన్స్ పేటలో కాపురం పెట్టి మూడేళ్లయినా ఆమె పాస్‌పోర్టు ఇంకా మారిషస్‌దే.

హామ్ రేడియో ఆమెకు తండ్రి నేర్పిన విద్య. ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని దేశదేశాల వాళ్లతో మాట్లాడవచ్చు, కాకపోతే ఉంటున్న దేశంలో లైసెన్సు కావాలి. అది లేకపోతే వినడమే తప్ప పలకకూడదు. లైసెన్సు లేకుండా పలికితే నా కూతురివే కాదని చెప్పి పెంచినవాడు ఆయనే. పోయినేడు గొంతు క్యాన్సరుకు ఆపరేషన్ చేసి ఆయన మాట తీసేశారు. ఫోన్లో మెసేజీలు పెడతాడు, నిజమే. కానీ ఆదివారం సాయంత్రం మోర్స్ మీట నొక్కి పంపే ఆ పొట్టి, పొడుగు కూతల్లో ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ తొందరపడతాడో యోగితకు తెలుసు. ఆయనకు మిగిలిన గొంతు అదొక్కటే. దరఖాస్తు పెట్టిన ఈ ఎనిమిది నెలలుగా ఆయన పిలుస్తూనే ఉన్నాడు, ఈమె బదులివ్వలేక వింటూనే ఉంది. డాక్టర్లు మొన్న ఆయనకు చెప్పిన గడువు యోగిత ఇంట్లో ఎవరికీ చెప్పనేలేదు.

వరహాలమ్మ డాబా దిగి వచ్చింది. యాంటెన్నా తీగ మీద ఆరేసిన చీరలు ఆమె భుజాన ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది మీరు రాశారా?"

"రాసేను. పోలీసోడొచ్చి ఇంట్లో విదేశీ కౌన్ హై అనడిగేడు. ఎవులూ లేరు బాబూ, నానూ నా కొడుకూ కోడలూనూ అన్నాను. రాసిమ్మన్నాడు. తప్పేటి?"

యోగిత ఉత్తరాన్ని మళ్లీ కవరులో పెట్టింది. అరవాలన్నంత కోపం వచ్చింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"నేను విదేశీయురాలినే, అత్తయ్యా."

"ఆ మాటనకు. నా ఇంటి కోడలు పరాయి మనిసేటి?"

సంగతి విన్న సౌరభ్ తల పట్టుకున్నాడు. "మా, తుమ్నే యే క్యా లిఖ్ దియా. ఏం రాసిచ్చావమ్మా ఇది! రేపే వెళ్లి సరిచేసి రాసియ్."

"నా సేత్తో రాయను," అందావిడ. బతిమాలినా కదల్లేదు.

మర్నాడు ఆదివారం. ఎప్పుడూ చెవులకు పెట్టుకునే ఇయర్‌ఫోన్లు యోగిత ఆ సాయంత్రం తీసేసింది. గదంతా కూతలు నిండాయి.

"ఆ పాడు కూత కట్టెయ్యమ్మా," అంది వరహాలమ్మ.

"అది మా నాన్న."

వరహాలమ్మ చేతిలోని చేట మంచం మీద పెట్టేసింది. "అన్నయ్యగారేటి?"

"నన్ను పిలుస్తున్నారు."

"మరి నువ్వు పలకవేటి?"

"పలకడానికే ఆ లైసెన్సు."

వరహాలమ్మ రేడియో ముందు కూర్చుంది. కూతలు ఆగేదాకా లేవలేదు. సోమవారం పొద్దున్నే కోడలిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్లి, తాను ముందు చెప్పింది తప్పని, తన కోడలు విదేశీయురాలని రాసి సంతకం పెట్టింది. బయటికొచ్చి ఆటో ఎక్కబోతూ అడిగింది.

"ఎన్నాళ్లు పడతాదమ్మా?"

"మళ్లీ మొదట్నుంచీ. ఎనిమిది నెలలైనా పడుతుంది."

"అన్నయ్యగారికి డాక్టర్లేటన్నారు?"

యోగిత రోడ్డు వంక తిరిగింది. "ఆరు నెలలు," అంది.

వరహాలమ్మ పట్టుకున్న ఆటో కడ్డీ వదిలేసింది. తర్వాత గిర్రున తిరిగి స్టేషన్‌లోకి నడిచింది. యోగిత వెనకే పరుగెత్తేసరికి ఆవిడ బల్ల ముందుంది.

"మేరీ బహూ విదేశీ హై, బాబూ. జల్దీ భేజో. విదేశీ హై."

రాసింది చాలు, వెళ్లమ్మా అని కానిస్టేబుల్ చెబుతున్నా వినకుండా, ఆవిడ తన కోడలు విదేశీయురాలేనని, కాగితం త్వరగా పంపమని ఆ మాటే మళ్లీ మళ్లీ అంటూ ఉంది.