పచ్చిక కింద హద్దు

ఫోటోలో ఆరుగురు తెల్లవాళ్ళున్నారు. ముగ్గురు దొరలు, ముగ్గురు దొరసానులు. ఒక దొర పైజామా మీదే కోటు తొడుక్కున్నాడు. ఒక దొరసాని గొలుసు కట్టిన చిరుతపిల్లను పట్టుకుంది. మధ్యలో ఉన్నామె చేతుల నిండా ఇటోకా లిల్లీ పూలు పెట్టుకుని నవ్వుతోంది. ఆమే మా దొరసాని.

ఇప్పుడామె ముసలిదైంది. కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరక్కుండానే కియాంబులోని ఈ తోట సర్కారుకు అమ్మేసింది. నేను పింగాణీ పళ్ళేలకు పాత పేపర్లు చుడుతున్నాను. "ఆ పెట్టెలోవన్నీ కాల్చెయ్, వమైతా," అని మేడెక్కి వెళ్ళింది.

కాల్చేదాన్నే. కానీ ఫోటో అంచున పార ఆనించుకుని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. పక్కన పీకిన ఇటోకా దుంపల కుప్ప. ఎడమచెవి తమ్మె రెండుగా చీలి వేలాడుతోంది. చిన్నప్పుడు మేక నమిలిన చెవి అది. మా చుట్టుపక్కల అలాంటి చెవి ఒక్కరికే ఉంది, మా తాత గకూరుకు.

ఫోటో వెనక సిరాతో రాసి ఉంది: కొత్త పచ్చిక, 1913. మిషన్ బడిలో ఆరో క్లాసు దాకా చదివాను. అంతవరకు చదవగలను.

మా కికుయు వాళ్ళు హద్దుకు రాళ్ళు పాతరు, ఇటోకా దుంపలు నాటుతారు. వాటిని పీకిన చేతిని ఎవరూ క్షమించరు. ఇప్పుడు బంగళా ఉన్న మా మిట్ట మీద దుంపల్ని దొరలే పీకారని, అడ్డుపడితే తనను కొరడాతో కొట్టారని తాత చెప్పగా వింటూ పెరిగాం.

తోట భూమిని సర్కారు తిరిగి పంచబోతోంది. మిట్ట మాదంటే మాదని మా ఇల్లూ, కిబాథీ ఇల్లూ పోట్లాడుకుంటున్నాయి. కాగితాలు ఎవరి దగ్గరా లేవు. అందుకని పెద్దలు ఏడు చిల్లుల రాయి తెప్పించారు. దాని చిల్లుల్లో గడ్డిపుల్ల దూరుస్తూ అబద్ధపు ప్రమాణం చేస్తే ఏడు పంటలు తిరిగేలోపు ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే పోతారు. ప్రమాణం మర్నాడే. చేయాల్సింది తాత.

నేను ఇంటికి వచ్చేసరికి ఆయన గాదె నీడన కూర్చుని గంజి తాగుతున్నాడు.

"వచ్చిందండీ నా పెళ్ళాం! దొరసాని సేవ అయిందా, మొగుడి మొహం గుర్తుందా?"

చనిపోయిన నానమ్మ పేరే నాకు పెట్టారు కాబట్టి అలా పిలిచే హక్కు ఆయనకుంది. నేను ఫోటో చేతికిచ్చాను. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"ఎవడీ కోతి?"

"ఆ కోతికి చెవి చీలి ఉంది తాతా."

"ఆ రోజుల్లో మేకలు అందరి చెవులూ తినేవే."

నేను నవ్వలేదు. ఆయన గంజి బుర్ర కింద పెట్టాడు.

"గడ్డిమొక్కలే కదా, పీకెయ్ అన్నాడు దొర. పీకితే మా నాన్నను ఇక్కడే ఉండనిస్తానన్నాడు. మూడు రోజులు తవ్వాను. నాలుగో రోజు మా గుడిసెలకు నిప్పు పెట్టించాడు."

"మరి కొరడా?"

"కొట్టలేదు. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ, తడిమి చూసుకుంటే వీపు మీద దెబ్బలు తగులుతాయేమో అనిపిస్తుంది నాకు."

"రేపు రాయి ముందు కూడా ఆ అబద్ధమే చెబుతావా?"

"హద్దు పీకినవాడి మాట ఎవడు వింటాడు? చెప్పకపోతే మిట్ట కిబాథీకి పోతుంది. రాయి తింటే నన్ను తిననీ, ముసలాణ్ణి."

"నిన్నొక్కణ్ణే తిని ఊరుకుంటుందా?"

వాకిట్లో వదిన పదిరోజుల పిల్లాడికి నూనె రాస్తోంది. తాత అటు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"పొయ్యిలో పెట్టు దాన్ని," అన్నాడు.

నేను పెట్టలేదు. మర్నాడు నడుము గుడ్డలో దోపుకుని వెళ్ళాను.

బంగళా ముందు పచ్చిక మీద పెద్దలు వరసగా కూర్చున్నారు. మధ్యలో రాయి. ఆడవాళ్ళం కంచె అవతల. మబ్బు బాగా దిగింది.

"దుంపలు దొరలే పీకారా?" అన్నాడు కిబాథీ, అందరికీ వినపడేలా. "వాళ్ళు బూట్లు కూడా సొంతంగా విప్పుకునేవాళ్ళు కాదు గదయ్యా!"

పెద్దలు నవ్వారు.

"ఊరికే చెబితే కుదరదు గకూరూ. మీ ఇంటి చెయ్యి తగల్లేదని రాయి మీద చెప్పు," అన్నాడు కిబాథీ మళ్ళీ.

తాత గడ్డిపుల్ల తీసుకుని వంగాడు. పుల్ల మొదటి చిల్లు అంచుకు తగిలి వంగిపోయింది. మళ్ళీ సరిచేసుకున్నాడు. నేను ఎప్పుడు కంచె దాటానో నాకే తెలీదు.

"తాతా," అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

"ఎవరా పిల్ల? ఆడవాళ్ళకిక్కడ ఏం పని?" అన్నాడు పెద్దల్లో పెద్దాయన మూగ్వే.

తాత నా నడుము గుడ్డ వైపు చూశాడు.

"నా పెళ్ళాం," అన్నాడు. "ఇంట్లో ఏదో మర్చిపోయి వచ్చానట."

ఒకరిద్దరు నవ్వారు. తాత దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. చించేస్తాడేమోనని భయమేసింది. అయినా ఫోటో తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకెళ్ళి మూగ్వే చేతిలో పెట్టాడు.

"అది నేనే," అన్నాడు. "మా నాన్నను ఉండనిస్తానని దొర అంటే మా హద్దు నేనే పీకాను."

ఫోటో చేతులు మారింది. చివరగా కిబాథీ దగ్గరికి వచ్చింది. ఆయన దుంపల కుప్ప మీద వేలు పెట్టి, "హద్దు ఇక్కడే ఉండేదన్నమాట," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

మూగ్వే లేచాడు. "తన తప్పు తానే ఒప్పుకున్నవాడు హద్దు గురించి అబద్ధమాడడు. మిట్ట మీ ఇంటిదే. కాదనేవాడెవడూ లేడు. కానీ గకూరూ, ఈ రోజు నుంచి నువ్వు పెద్దల్లో కూర్చోవు. పొట్టేలు కోసి నేలను శుద్ధి చేశాక నీ కొడుకు కూర్చుంటాడు." పచ్చిక వైపు చెయ్యి చూపి అన్నాడు, "హద్దు ఎటు పోయిందో చూపించు. మళ్ళీ నాటాలి."

తాత పచ్చిక మీద అటూ ఇటూ నడిచాడు. నేలంతా చాప పరిచినట్టు చదునుగా ఉంది. ఆయనకు ఆనవాలు దొరకలేదు. అప్పుడు ఎవరో పార తెచ్చిచ్చారు. కిబాథీ ఫోటో పట్టుకుని బంగళా మెట్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎడమకు జరుగు. ఇంకా. ఆ దొరసాని భుజానికి వెనక. పార నేలకు ఆనించు. ఆఁ, అలాగే నిలబడు."

తాత అలాగే నిలబడ్డాడు. ఫోటోలో ఆయన కెమెరావైపు చూస్తున్నాడు. ఇప్పుడు తన పాదాల్ని చూసుకుంటున్నాడు. మా అన్నలు ఆయనకు అటూ ఇటూ గూటాలు దిగ్గొడుతున్నారు. పైన కిటికీ తెర కొంచెం జరిగి, మళ్ళీ మూసుకుంది.

వాన మొదలైంది. పెద్దలు దుప్పట్లు కప్పుకుని వరండాలోకి వెళ్ళారు. నేను శాలువా తీసుకుని కదలబోతుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు కాదే," అంది.

చివరి గూటం దిగిపోయింది. అన్నలు కూడా వరండాలోకి పరుగెత్తారు. ఇక చాలు, రా అని ఆయనతో ఎవరూ అనలేదు.