దులిపితే చాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తయ్య కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతుంది. ఉండనివ్వండి. ఆ ముక్కుతోనే కదా పదేళ్లుగా బట్టల సంగతి తేలుస్తున్నాను! నేను టైలరుని. కొత్తవి కుట్టడం తక్కువ. నడుము దగ్గర బిగించడం, వదులు చేయడం, జిప్పులు మార్చడం, మోకాళ్ల దగ్గర చిరిగినవాటికి లోపలి నుంచి అతుకు వేయడం, ఇవే ఎక్కువ. చేతికొచ్చిన బట్టని ఎన్నిసార్లు వాడారో నాకు తెలియకపోవచ్చు కానీ, ఎన్నిసార్లు ఉతికారో మాత్రం ఇట్టే చెబుతాను. బట్టని చంపేది వాడకం కాదు, ఉతుకుడు. కాలరు మీద దారాలు పైకి లేచాయంటే ఆ ఇంట్లో బ్రష్షు పట్టుకుని తోమే మహాతల్లి ఎవరో ఉన్నట్టే.

"అక్కా, ఈ ప్యాంటు ఎన్నాళ్లకోసారి ఉతకాలి?" అని అడిగేవాళ్లకి నా దగ్గర ఒకటే జవాబు. ఒంటికి అంటుకుని ఉండేవి ఏ రోజువి ఆ రోజే ఉతుకు. చొక్కా అయితే చంక దగ్గర వాసన చూడు, ఏమీ లేకపోతే రెండో రోజూ వేసుకో. ప్యాంటుకి మరక పడితే సరే, లేదంటే దులిపి తగిలించు. ఉన్నికోటు జోలికి అసలు పోకు. వాసన లేదు, మరక లేదు, మళ్లీ వేసుకో. ఇంతే నా శాస్త్రం. కాదన్నవాళ్లని నిలబెట్టి ఉతికి ఆరేసేదాన్ని. ఆ ఉతుకుడికి మాత్రం వారాలూ వర్జ్యాలూ చూసేదాన్ని కాదు.

మా ఇంట్లో కాదనే మనిషి ఒక్కరే, అత్తయ్య. మా ఆయన పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయన గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, ఆవిడ అందుకునేది.

"ఒరేయ్, ఆ బట్టలు బయటే విప్పు. అమ్మాయ్, వాటిని బకెట్లో పడేయ్."

"నిన్ననే ఉతికాను అత్తయ్యా."

"నిన్న ఉతికితే? ఇవాళ పనికి వెళ్లలేదూ వీడు?"

"రోజూ ఉతికితే ఆరు నెలలకి పీలికలు మిగులుతాయి. వాళ్లు ఏడాదికి ఇచ్చేది రెండు జతలు."

"పీలికలైతే కుట్టు. టైలరువేగా మరి!"

రోజూ ఇదే వరస. చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఎందుకు ఉతకాలో చెప్పమంటే చెప్పలేదు. "ఆ బట్టలు నాకు నచ్చవు" అనేది, అంతే. చాదస్తం అనుకున్నాను. ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను కూడా.

అంతకుముందు ఫ్యాక్టరీ వెనకాల ఉతికే గది ఒకటి ఉండేది. పనివాళ్లు సొంత బట్టల్లో వెళ్లి అక్కడ మార్చుకునేవాళ్లు, సాయంత్రం యూనిఫారం అక్కడే విప్పేసి, స్నానం చేసి ఇంటికి వచ్చేవాళ్లు. రెండేళ్ల కిందట ఆ గదిని గోడౌన్ చేశారు. అప్పటి నుంచి అందరూ యూనిఫారంతోనే రాకపోకలు. గేటు దగ్గర ఒక నోటీసు అంటించారు. మా ఆయన దాన్ని ఫోనులో ఫొటో తీసుకొచ్చాడు. "యూనిఫారాలు ఇంటి వద్దే శుభ్రం చేసుకోవాలి. ప్రతిరోజూ ఉతకనవసరం లేదు. దులిపితే చాలు. నీటిని పొదుపు చేద్దాం." కింద మేనేజరు సంతకం.

నా ఆనందం ఏమని చెప్పను! ఆ ఫోను పట్టుకుని వంటగదిలోకి వెళ్లి, అత్తయ్య పక్కన నిలబడి, ఊరంతా వినబడేలా రెండుసార్లు చదివాను.

"విన్నారా? పెద్దపెద్ద చదువులు చదివినాయనే రాశాడు, దులిపితే చాలని."

ఆవిడ గిన్నె తోముతూ తల కూడా ఎత్తలేదు. "రాసినాయన వేసుకుంటాడా ఏంటి ఆ బట్టలు?" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో యూనిఫారం మూడు రోజులకోసారే నీళ్లు చూసేది. మిగతా రెండు రోజులూ దులుపుడే. ఆ పనికి నాకు తోడు మా నాలుగేళ్ల పాప. పొద్దస్తమానం వాగుతూనే ఉంటుందని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. వెనక వరండాలో ప్యాంటు నడుము నేను పట్టుకుంటే, కాళ్లు రెండూ అది పట్టుకునేది. "ఒకటీ, రెండూ, మూడూ!" అని అరిచి ఫట్‌మని దులిపేవాళ్లం. వాలుగా పడే ఎండలో బూడిదరంగు పొడి తేలుతూ కనిపించేది. మెత్తటి పొడి, ఏ వాసనా లేదు. పిచ్చుక నోరంతా తెరిచి నవ్వేది. "ఇంకోసారి అమ్మా, ఇంకోసారి" అని వెంటపడేది. ముచ్చటపడి ఇంకోసారి దులిపేదాన్ని.

మొదట తిండి మానేసింది. తర్వాత కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. వేషాలు వేస్తోందనుకుని ఒకసారి వీపు మీద ఒకటి వేశాను. ఒక డాక్టరు నులిపురుగులని మందిచ్చాడు. అదీ అయిపోయింది, తగ్గలేదు. ఒకరోజు నా మిషను పక్కన కూర్చుని, చెయ్యి చాపి "అమ్మా, అది ఇవ్వు" అంది. ఏది? "అదే... అది..." అని కత్తెర వైపు చూపిస్తూ ఏడుపు లంకించుకుంది. మాటలు వస్తూనే కత్తెర, టేపు, బాబిన్ అని నా సామాను పేర్లన్నీ వల్లించిన పిల్ల, కత్తెర అనే మాట కోసం వెతుక్కుంటోంది.

రెండో డాక్టరు ఆడమనిషి. పిల్ల పొట్ట నొక్కి చూసి, కళ్ల కింద లాగి చూసి, "వీళ్ల నాన్న ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను.

"ఆయన పని బట్టలు ఎక్కడ ఉతుకుతారు?"

"ఇంట్లోనే. రోజూ ఉతకనండి, దులుపుతాను. మూడు రోజులకోసారి ఉతుకుతాను." అది కూడా గొప్పగానే చెప్పాను, నా బతుకు తగలెయ్య!

ఆవిడ రాస్తున్న కలం ఆపేసింది. రక్తం తీయించింది. నాలుగు రోజుల తర్వాత కాగితం నా ముందు పెట్టి, సీసం అంది. పిల్ల రక్తంలో ఉండకూడనంత సీసం ఉందంది.

"వాసనేం లేదు డాక్టరుగారూ, నేను చూశాను" అన్నాను పిచ్చిదానిలా.

"సీసం పొడికి వాసన ఉండదమ్మా."

"తగ్గుతుందా?"

"ముందు అది మీ ఇంట్లోకి రావడం ఆగాలి. ఆగితే కడుపునొప్పి తగ్గుతుంది, ఒంట్లో రక్తం పడుతుంది. మర్చిపోయిన మాటల సంగతి నేను ఇప్పుడే చెప్పలేను."

"రోజూ ఉతుకుతాను. రెండుసార్లు ఉతుకుతాను."

"ఉతకడం కాదమ్మా. ఆ బట్టలు అసలు ఇంటికే రాకూడదు. పనిచేసే చోటే విప్పేసి, స్నానం చేసి రావాలి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. చెప్పాను. ఇప్పుడు తిడుతుంది, నేను పడతాను అనుకున్నాను. ఆవిడ బకెట్టులో నీళ్లు నింపి, తడిగుడ్డతో వెనక వరండా తుడవడం మొదలుపెట్టింది.

"తిట్టండి అత్తయ్యా! ఇన్నాళ్లూ తిట్టారుగా, ఇప్పుడేమైంది? తిట్టండి!" అని అరిచాను.

"తిడితే పిల్లకి తగ్గుతుందా? ఇంకో గుడ్డ తడిపి తీసుకురా" అంది.

ఆవిడ చెంప పగలగొట్టినా నాకు అంత మంట పుట్టేది కాదు.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. వెళ్లి అడగండి అని నేను గొంతు మీద కూర్చుంటే, మర్నాడు సూపర్‌వైజరుని అడిగాడు. వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. అత్తయ్య లుంగీ అందిస్తే బయటే మార్చుకున్నాడు.

"ఏమన్నారు?"

"ఏం లేదులే."

"ఏమన్నారో చెప్పండి!"

"మీ ఇంట్లో శుభ్రత లేకపోతే మేమేం చేస్తాం అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఎక్కువ మాట్లాడితే పనిలోంచి తీసేస్తారు. అందరూ ఇలాగే తెచ్చుకుంటున్నారే..."

"అందరిళ్లలోనూ పిల్లలున్నారండీ!"

ఆయన తల దించుకున్నాడు. తాడోపేడో నేనే తేల్చుకోవాలనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన పనికి వెళ్లిన గంటకి, విడిచిన జత యూనిఫారాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి కట్టుకుని, పిల్ల రిపోర్టు పట్టుకుని బయలుదేరాను. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపాడు. "మేనేజరు గారి బట్టలు" అన్నాను. వదిలేశాడు. అబద్ధమే, చాలా తృప్తిగా ఆడాను.

మేనేజరుని పనివాళ్లు తెల్లచొక్కా అంటారు. నిజంగానే తెల్లచొక్కా, ఆ పొద్దున ఇస్త్రీ చేసింది, మడత కూడా విరగలేదు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అటెండరు టీ పెట్టి గోడ పక్కన నిలబడ్డాడు. నేను ఎవరి భార్యనో చెప్పి, రిపోర్టు బల్ల మీద పెట్టాను.

"ఉతికే గది మళ్లీ తెరిపించండి సార్. మా పాప రక్తంలో సీసం ఉందట."

ఆయన దాన్ని ఒక వేలితో నా వైపు తోశాడు. "పిల్లలన్నాక సవాలక్ష వస్తాయమ్మా. మట్టి తింటారు, గోడ రంగు గీకి నోట్లో పెట్టుకుంటారు. ప్రతిదానికీ ఫ్యాక్టరీయేనా? ఇంటి శుభ్రత ఆడవాళ్ల చేతుల్లో ఉంటుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. నేను గొంతు పెంచలేదంటే మా వీధిలో ఎవరూ నమ్మరు.

"గేటు దగ్గర నోటీసు మీరే రాశారా సార్?"

"నేనే రాశాను. ఏం, అందులో తప్పేముంది?"

"తప్పేం లేదు సార్. దులిపితే చాలన్నారు. నేను దులపడం సరిగ్గా దులపలేదేమో. ఎలా దులపాలో ఒక్కసారి చూపిస్తారా?"

కవర్ల ముడి విప్పాను. చొక్కా భుజాలు రెండు చేతులతో పట్టుకుని, ఆయన బల్ల మీదుగా, టీ కప్పు మీదుగా పైకెత్తాను. ఎత్తానంతే. దులపలేదు.

ఆయన కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆ మనిషి ఒక్క గెంతులో వెళ్లి గోడకి అంటుకుపోయాడు, జేబురుమాలు ముక్కుకీ నోటికీ అదుముకుని.

"ఫ్యాను! ముందు ఫ్యాను ఆపరా! కదపకు! దాన్ని కదపకమ్మా, దులపకు!"

అటెండరు పరిగెత్తి స్విచ్చి నొక్కాడు. రెక్కలు మెల్లగా ఆగాయి. తెల్లచొక్కా రుమాలు తీయకుండానే రెండో చేత్తో తన భుజాలు దులుపుకుంటున్నాడు. వాటి మీద ఒక్క రేణువు కూడా పడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు చూడండి, ఆ సామెతకి మనిషి దొరికాడు.

చొక్కా దులిపేయాలని నా చేతులు దురదపెట్టాయి. నిజం చెబుతున్నాను, ఆ నోరు తెరిపించి మరీ దులపాలనిపించింది. పక్కన అటెండరు ఉన్నాడు. అతనింట్లోనూ పిల్లలుంటారు. చొక్కా మెల్లగా మడిచి మళ్లీ కవరులో పెట్టి ముడేశాను.

కుర్చీ పడిన చప్పుడుకీ, ఆ అరుపుకీ షెడ్డులోంచి పనివాళ్లు వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. అందరికంటే ముందు మా ఆయన. కనుబొమ్మల దాకా బూడిదరంగు పొడి. నన్ను చూడలేదు, గోడకి అంటుకున్న ఆయననే చూస్తున్నాడు.

"మీకు తెలుసు సార్" అన్నాడు.

పన్నెండేళ్ల కాపురంలో ఆయన అంత నిబ్బరంగా మాట్లాడటం నేను వినలేదు.

"అలా కాదు, వినండి... సోమవారం గది ఖాళీ చేయిస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు తెల్లచొక్కా, రుమాలు లోంచే.

"సోమవారం సంగతి తర్వాత. ఇవాళ సాయంత్రం వీళ్లంతా ఏం వేసుకుని ఇళ్లకి రావాలి సార్?" అన్నాను.

మా ఆయన చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. పొడి రాలకుండా నెమ్మదిగా విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి, టీ కప్పు పక్కన పెట్టాడు. వెనకున్నాయన తన చొక్కా తెచ్చి దాని మీద పెట్టాడు. ఆ వెనకాయనా అంతే. బల్ల నిండిపోయాక నేల మీద, గుమ్మం దాకా పెట్టారు. తెల్లచొక్కా బయటికి రావాలంటే వాటి మీద కాలు వేయాలి. వేయలేక ఆ గోడ దగ్గరే నిలబడ్డాడు.

మధ్యాహ్నానికల్లా గోడౌన్ ఖాళీ చేసి కుళాయి తిప్పారు, ఇళ్ల నుంచి సొంత బట్టలు తెప్పించారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, భలే గడ్డి పెట్టావు అన్నారు. నాకు మాత్రం మంట తగ్గలేదు. ఆ తెల్లచొక్కా తెలిసి దులపమన్నాడు, నేను తెలియక దులిపాను. నా కూతురి ఒంట్లోకి పోయినదానికి ఆ తేడా ఏం తెలుసు?